అడవి పొగ ఎటు పోతుందో చూపించే నాసా మ్యాపులు: అచ్చంపేట నుంచి ఒక రివ్యూ

ముందే చెప్పేస్తున్నా, ఇది డబ్బులు పెట్టి కొన్న వస్తువు ముచ్చట కాదు. నాసా వాళ్లు నడిపే వరల్డ్‌వ్యూ, ఫర్మ్స్ అనే రెండు ఉచిత వెబ్‌సైట్ల గురించి, పనిలో పనిగా జూమ్ ఎర్త్, విండీ అనే ఇంకో రెండు సైట్ల గురించి కూడా. శాటిలైట్ ఫొటోల్లో అడవి మంటల పొగ ఎక్కడ లేచింది, ఎటు కొట్టుకుపోతోంది అని చూడటానికి నేను వీటిని వాడుతుంటా. మాది అచ్చంపేట. ఫిబ్రవరి చివర నుంచి వానలు పడేదాకా నల్లమల దిక్కు నుంచి కాలిన ఆకు వాసన ఏదో ఒక రాత్రి రాకుండా ఉండదు, మా నాన్నకేమో ఆయాసం, దిండు పక్కనే ఇన్‌హేలర్ పెట్టుకుని పడుకునే మనిషి, కాబట్టి ఈ పొగ ఎక్కడిది, రేపటికి పోతుందా ఇంకా ముదురుతుందా అన్నది నాకు టైంపాస్ విషయం కాదు.

నా తీర్పు ఇక్కడే రాసేస్తా, తీరిక లేనివాళ్లు ఇది చదివి వెళ్లిపోవచ్చు. పొగ ఎక్కడ పుట్టింది, ఏ దిక్కుకు పోతోంది అనే ప్రశ్నకు ఇంతకంటే మంచి జవాబు మనలాంటి మామూలు మనుషులకు ఫ్రీగా ఇంకెక్కడా దొరకదు. ఇప్పుడు మా వాకిట్లో గాలి పీల్చుకునేటట్టు ఉందా లేదా అంటే మాత్రం ఇవి చెప్పలేవు, చెప్తున్నాయి అనుకుంటే ఇబ్బంది పడేది మనమే. వరల్డ్‌వ్యూకి అయిదుకి నాలుగున్నర, ఫర్మ్స్‌కి నాలుగు. మిగతా రెండింటి సంగతి కింద చెప్తా.

వీటి దగ్గరికి రాకముందు ఒక గాలి నాణ్యత యాప్‌కు ఏడాది చందా కట్టాను, పేరు ఎందుకులే. మేడ మీద ఆరేసిన బట్టలు పొగ వాసన కొడుతుంటే అందులో మాత్రం అచ్చంపేట మీద ఆకుపచ్చ రంగు, అంటే గాలి బాగుందని. తీరా లోపలికి పోయి చూస్తే వాళ్లు తీసుకున్న కొలత హైదరాబాద్ స్టేషన్‌ది, మధ్యలో ఉన్న దూరమంతా కంప్యూటర్ అంచనా. నల్లమల అంచున ఉన్న ఊరికి హైదరాబాద్ మిషన్ లెక్క చెప్తే ఏం లాభం? చందా అంతటితో ఆపేశా. దగ్గర్లో కొలిచే మిషన్ లేని ఊరికి పైనుంచి చూసే కన్నే దిక్కు అనిపించి ఈ శాటిలైట్ల వెంట పడ్డాను.

వరల్డ్‌వ్యూ తెరవగానే భూమి ఫొటో వస్తుంది, అడుగున తేదీల గీత ఉంటుంది. ఆ గీతను వెనక్కి లాగితే నిన్న, మొన్న, పోయిన ఎండాకాలం, అట్లా 2000 సంవత్సరం దాకా పోవచ్చు. లాగిన్ అడగదు, యాడ్స్ లేవు, పక్కన ఎగిరే బొమ్మలు లేవు, ఈ రోజుల్లో ఇదే పెద్ద సుఖం. మన దగ్గరికి జూమ్ చేస్తే శ్రీశైలం రిజర్వాయర్ ముదురు నీలంగా కొండల మధ్య వంకర్లు తిరుగుతూ కనిపిస్తుంది, దానికి ఉత్తరాన అమ్రాబాద్ అడవి, ఆ పైన అచ్చంపేట, కల్వకుర్తి వైపు చేల లేత మట్టి రంగు. మార్చి వచ్చేసరికి అడవి కూడా ఆకు రాల్చేసి మట్టి రంగులోకి తిరుగుతుంది, అప్పుడు అడవెక్కడ అయిపోయింది, చేను ఎక్కడ మొదలైంది అన్నది అంత తేలిగ్గా తెలియదు.

ఇక్కడ మొదటిసారి చూసేవాళ్లు తికమకపడేది ఏ శాటిలైట్ ఫొటో చూడాలన్న దగ్గరే. లిస్టులో టెర్రా, ఆక్వా అని పాత జంట ఒకటి ఉంటుంది. టెర్రా 1999 డిసెంబర్‌లో, ఆక్వా 2002లో పైకి పోయాయి, రెండింటిలోనూ మోడిస్ అనే ఒకే రకం కెమెరా. మొదట్లో టెర్రా పొద్దున పదిన్నరకి, ఆక్వా మధ్యాహ్నం ఒకటిన్నరకి మన మీదుగా పోయేలా పెట్టారు, ఇప్పుడు రెండింటికీ వయసైపోయింది, ఇంధనం అడుగంటింది, టెర్రా రానురాను ఇంకా పెందలాడే, ఆక్వా ఇంకా ఆలస్యంగా వస్తున్నాయి. ఇంకో చిక్కు ఏంటంటే మోడిస్ ఒకసారికి చూసే పట్టీ వెడల్పు 2330 కిలోమీటర్లే, అందువల్ల భూమధ్యరేఖకు దగ్గరగా ఉన్న మనలాంటి చోట్ల కొన్ని రోజులు రెండు పట్టీల మధ్య నల్లటి చీలిక పడుతుంది. పొగ గట్టిగా ఉన్న రోజే ఆ చీలిక సరిగ్గా మన జిల్లా మీద పడుతుంది, మన కర్మ. వీర్స్ కెమెరా ఉన్న కొత్త శాటిలైట్లు, అంటే సుమీ ఎన్‌పీపీ, నోవా-20, నోవా-21, వీటి పట్టీ 3000 కిలోమీటర్ల పైనే కాబట్టి చీలిక ఉండదు. నేను పొద్దుటికి టెర్రా, మధ్యాహ్నానికి నోవా-20 పెట్టుకుంటా.

అలా రెండూ పెట్టుకుని కంపేర్ బటన్ నొక్కితే తెర మధ్యలో నిలువు గీత వస్తుంది. దాన్ని వేలితో అటూ ఇటూ లాగడంలోనే అసలు మజా. ఎడమ పక్క పొద్దుటి ఫొటోలో ఫర్హాబాద్ వైపు కొండల మీద సన్నగా, దారం పోగంత బూడిద రంగు గీత ఉంటుంది, దుమ్మేమో అనుకుని తెర తుడిచేంత సన్నం. గీతను ఎడమకు జరుపుతూ పోతే అదే చోట మధ్యాహ్నం ఫొటో పైకొస్తుంది, పోగు కాస్తా వెడల్పయ్యి ఉత్తరం దిక్కు చెదిరి, అడుగున ఉన్న రోడ్లను, చెరువులను మసకబారుస్తూ ఉంటుంది. గాలి ఎటు తోసిందో ఎవరూ చెప్పక్కర్లేదు.

మబ్బుకూ పొగకూ తేడా కనిపెట్టడం కొంచెం అలవాటు కావాలి. మబ్బు తెల్లగా ఉంటుంది, అంచు తెలుస్తుంది, కింద నేల కనపడదు, నేల మీద దాని నీడ పడుతుంది. పొగ బూడిద నీలం రంగులో ఉంటుంది, దాని గుండా నేల కనిపిస్తుంది, ఒక కొస ఒక చోటికి బిగిసి ఉంటే ఇంకో కొస విచ్చుకుని గాలిలో కలిసిపోతుంది. దుమ్ము అయితే పసుపు మట్టి రంగు. అనుమానం వస్తే నేను 7-2-1 బ్యాండ్ల ఫొటో వేస్తా. మామూలు ఫొటో మన కంటికి కనపడే రంగుల్లో ఉంటుంది, ఇది కంటికి కనపడని పరారుణ కాంతి కలిపి చేసినది. ఆ కాంతి పొగ గుండా దూరిపోతుంది కాబట్టి పల్చటి పొగ ఇందులో మాయమైపోతుంది, మబ్బు మాత్రం అక్కడే ఉంటుంది, కాలిన నేల ఎర్రటి గోధుమ రంగు మచ్చలా బయటపడుతుంది. మామూలు ఫొటోలో కనిపించి ఇందులో పోయిందీ అంటే అది చాలామటుకు పొగే.

ఏరోసాల్ ఆప్టికల్ డెప్త్ అని ఇంకో లేయర్ (మ్యాప్ మీద పరిచే పొర) ఉంది, పేరు చూసి భయపడొద్దు. నేల నుంచి ఆకాశం దాకా ఉన్న గాలి మొత్తంలో పొగ, దుమ్ము కలిసి ఎండను ఎంత ఆపుతున్నాయో చెప్పే అంకె అది. 0.1 కంటే తక్కువుంటే ఆకాశం కడిగినట్టు ఉన్నట్టు, 1 దగ్గరికి వచ్చిందంటే బాగా మసక. మబ్బు ఉన్న చోట ఈ అంకె రాదు, ఖాళీ వదిలేస్తుంది. మబ్బుల మీద తేలుతూ పోయే పొగను పట్టుకోవాలంటే ఏరోసాల్ ఇండెక్స్ లేయర్ వేయాలి, అది అతినీలలోహిత కాంతిని బట్టి లెక్క కడుతుంది, పొగ కింద మబ్బున్నా పనిచేస్తుంది.

చెయ్యి తిరగడానికి ముందు పెద్ద మంటల మీద ప్రాక్టీస్ చేయండి, మన అడవితో మొదలుపెడితే ఏమీ కనపడక విసుగొచ్చి వదిలేస్తారు. తేదీ 2023 జూన్ మొదటి వారానికి తిప్పి కెనడాలో క్యూబెక్ మీదికి పోండి. అక్కడ లేచిన పొగ దక్షిణానికి తిరిగి న్యూయార్క్ మీద పడటం, జూన్ 7న ఆ నగరం ఆకాశం నారింజ రంగుకి తిరిగిన రోజు ఫొటో, రోజుకో అడుగు జరుపుతూ చూడొచ్చు. అదే నెల చివర్లో కెనడా పొగ అట్లాంటిక్ దాటి యూరప్ చేరింది. 2025 జనవరి 8, 9 తేదీల్లో లాస్ ఏంజెలెస్ చూస్తే ఇంకో పాఠం దొరుకుతుంది, అక్కడ గాలి ఎడారి వైపు నుంచి సముద్రం వైపు వీస్తోంది కాబట్టి పొగంతా పసిఫిక్ మీదికి పరుచుకుంది. మన దేశంలో అయితే ఏ సంవత్సరమైనా నవంబర్ మొదటి వారంలో పంజాబ్, హర్యానా మీదికి పోతే చాలు, వరి కొయ్యలు కాల్చిన పొగ గంగా మైదానం పొడవునా పరుచుకుని హిమాలయాల అంచుకు ఆనుకుని నిలబడి ఉంటుంది. పక్కన మంచు కొండలు మెరిసిపోతుంటాయి, ఇవతల ఊళ్లకు ఊళ్లే కనపడవు.

మన నల్లమల పొగ అట్లా దర్జాగా కనపడదు, దీని గురించి ఎవరూ సరిగా చెప్పరు కాబట్టి కొంచెం వివరంగా రాస్తా. కెనడాలో కాలేది సూదాకుల చెట్లు, మంట చెట్టు కొసకు ఎక్కి కొస నుంచి కొసకు దూకుతుంది, ఆ వేడికి పొగ కిలోమీటర్ల ఎత్తుకు లేస్తుంది. ఆస్ట్రేలియాలో 2019-20 మంటలప్పుడైతే సుమారు 1000 కిలోమీటర్ల వెడల్పున్న ఒక పొగ ముద్ద సుడి తిరుగుతూ 35 కిలోమీటర్ల ఎత్తు దాకా పోయింది. మనది ఆకురాల్చే అడవి. ఇక్కడ కాలేది రాలిన ఎండాకు, బోద గడ్డి, పొదలు. మంట మోకాలి ఎత్తున నేల మీద పాకుతూ పోతుంది, పెద్ద చెట్లు నిలబడే ఉంటాయి. తునికాకు చిగురు బాగా వస్తుందనో, ఇప్పపువ్వు ఏరడానికి చెట్టు కింద శుభ్రం చేద్దామనో పెట్టిన నిప్పు కావచ్చు, శ్రీశైలం రోడ్డు మీద పోయేవాడు విసిరేసిన బీడీ కావచ్చు. అట్లాంటి మంట పొగ పల్చగా, నేలకు దగ్గరగా ఉంటుంది. పగలు ఎండకు గాలి పైకి లేచి చెదరగొడుతుంది, రాత్రి చల్లబడ్డాక గాలి నిలబడిపోయి పొగ లోయల్లోకి, ఊళ్ల మీదికి దిగుతుంది. శాటిలైట్ వచ్చేది మధ్యాహ్నం ఒకటిన్నరకి, మా నాన్న దగ్గేది తెల్లవారుజామున నాలుగింటికి. ఫొటోలో ఏం లేదు కదా అని కిటికీలు తెరిచి పడుకుంటే అంతే సంగతులు.

అందుకే మన దగ్గర ఫొటో ఒక్కటే చాలదు, ఫర్మ్స్ కావాలి. ఇది పొగను కాదు, మంటను చూపిస్తుంది. శాటిలైట్ వేడిని పసిగట్టి, చుట్టుపక్కల నేల కంటే ఫొటోలో ఏ గడి (పిక్సెల్) బాగా వేడిగా ఉందో చూసి అక్కడ ఎర్ర చుక్క పెడుతుంది. మోడిస్ గడి ఒక కిలోమీటర్, వీర్స్ గడి 375 మీటర్లు. శాటిలైట్ చూసిన మూడు గంటల లోపు చుక్క మ్యాప్ మీదికి వస్తుంది. రాత్రి ఒకటిన్నర ప్రాంతంలో కూడా అవే శాటిలైట్లు మళ్లీ పోతాయి, పొగ ఫొటో రాత్రి పనికిరాదు గానీ మంట చుక్కలు రాత్రే ఇంకా బాగా దొరుకుతాయి, ఎందుకంటే చుట్టూ నేల చల్లబడి ఉంటుంది. చుక్క మీద నొక్కితే ఏ శాటిలైట్, ఎన్ని గంటలకి, నమ్మకం ఎంత, మంట తీవ్రత ఎన్ని మెగావాట్లు అన్నీ వస్తాయి. టైము గ్రీనిచ్ లెక్కలో ఉంటే అయిదున్నర గంటలు కలుపుకోవడం మర్చిపోకండి.

ఇక చుక్కల లొల్లి. ఎండాకాలం వచ్చిందంటే మా వాట్సాప్ గ్రూపుల్లో ఫర్మ్స్ స్క్రీన్‌షాట్ ఒకటి తిరుగుతుంది, నల్లమల మొత్తం ఎర్రగా, కింద "అడవి బూడిదైపోయింది" అని. మార్చి, ఏప్రిల్ నెలల్లో ఒడిశా, ఛత్తీస్‌గఢ్, గడ్చిరోలి, నల్లమల అన్నీ ఎర్రగానే ఉంటాయి, అటు మయన్మార్, లావోస్ చూస్తే ఇంకా భయపడతారు. సంగతేంటంటే, దూరం నుంచి చూసినప్పుడు చుక్క సైజు తగ్గదు, రాష్ట్రం మొత్తం తెరలో పట్టేలా పెడితే ఒక్కో చుక్క సగం మండలాన్ని కప్పేస్తుంది. దగ్గరికి జూమ్ చేస్తే అది 375 మీటర్ల గడి మధ్యలో పెట్టిన గుర్తు, ఆ గడి అంతా కాలిందని కూడా అర్థం కాదు, గడిలో ఏ మూలో కొంచెం మంట ఉన్నా చుక్క పడుతుంది. పైగా ఆ స్క్రీన్‌షాట్ చాలాసార్లు ఏడు రోజుల చుక్కలన్నీ కలిపి పెట్టింది, 24 గంటలు అని మార్చగానే ముప్పావు వంతు మాయం. ఫార్వర్డ్ చేసే ముందు ఆ ఒక్క బటన్ నొక్కండి చాలు.

తప్పుడు చుక్కలు కూడా ఉంటాయి. పెద్ద రేకుల షెడ్లు, సోలార్ పలకలు ఎండకు మెరిసినప్పుడు, ఇటుక బట్టీలు, ఫ్యాక్టరీ కొలిమిల దగ్గర చుక్క పడొచ్చు. ఏడాది పొడవునా ఒకే చోట చుక్క వస్తుంటే అది అడవి మంట కాదు, మిషనో కొలిమో. అటుదిటు కూడా జరుగుతుంది, ఉన్న మంటకు చుక్క పడకపోవచ్చు. ఆకుల కింద పాకే చిన్న మంట, మబ్బు కప్పిన మంట, పొద్దున అంటుకుని మధ్యాహ్నం లోపే ఆరిన మంట, ఇవేవీ లెక్కలోకి రావు.

మిర్యాలగూడ దగ్గర మా అక్కావాళ్లు ఉంటారు. యాసంగి కోతలైన రోజుల్లో బావ ఫోన్ చేసి ఒకటే దెప్పుడు: "ఏం బామ్మర్దీ, మీ నల్లమల పొగ మా దిక్కు తోలుతున్నరా ఏంది, పొద్దుగాల లేస్తే కండ్లు మండుతున్నయ్." నేను ఫర్మ్స్ తీసి లింక్ పంపించా. "అడవి దిక్కు చుక్కల్లేవు బావా, జర మీ ఎడమ కాలువ కింద మడులు చూడు." కాసేపు సప్పుడు లేదు. తర్వాత, "ఇదేంది, మా ఊరి మీదనే ఉన్నయ్ గదా" అన్నాడు. సాగర్ ఎడమ కాలువ ఆయకట్టులో హార్వెస్టర్ కోసిన తర్వాత మిగిలే పొడుగు కొయ్యకాళ్లు, గడ్డి, మళ్లీ దుక్కికి టైము లేక అగ్గి పెడతారు, అందరికీ తెలిసిందే. కేంద్రం 2019లో మొదలుపెట్టిన జాతీయ స్వచ్ఛ వాయు కార్యక్రమంలో హైదరాబాద్‌తో పాటు నల్లగొండ పేరు కూడా ఉంది, కారణాలు చాలా ఉన్నాయి గానీ మడి పొగను అడవి మీద తోసేయడం మాత్రం న్యాయం కాదు. గాలి లెక్క తీసినా అంతే, ఎండాకాలంలో మన దగ్గర గాలి ఎక్కువ రోజులు దక్షిణం, ఆగ్నేయం నుంచి వీస్తుంది, నల్లమల పొగ అచ్చంపేట, కల్వకుర్తి మీదికి పోతుంది, తూర్పున ఉన్న మిర్యాలగూడకు పోవాలంటే గాలి పడమటి నుంచి తిరగాలి.

మడి మంటలతో ఇంకో తిరకాసు ఉంది. మడి ఒక గంటలో కాలి ఆరిపోతుంది, శాటిలైట్ పోయిన తర్వాత పెడితే పట్టుబడదు. పంజాబ్ విషయంలో ఇది పెద్ద చర్చే అయింది. 2024లో నాసా గొడార్డ్ అంతరిక్ష కేంద్రంలో పనిచేసే హిరేన్ జెత్వా, దక్షిణ కొరియా వాళ్ల జియో-కాంప్‌శాట్-2ఏ అనే, రోజంతా ఒకే చోటును చూసే శాటిలైట్ ఫొటోలు చూసి, మంటలు మధ్యాహ్నం శాటిలైట్ దాటిపోయిన తర్వాత ఎక్కువగా పెడుతున్నట్టు ఉందని చెప్పాడు. చుక్కలు తగ్గాయి, పొగ మాత్రం తగ్గలేదు, కాబట్టి చుక్కల లెక్క చూపించి మంటలు తగ్గాయని ఎవరన్నా చెప్తే ఏరోసాల్ లేయర్ కూడా ఒకసారి చూడండి.

జూమ్ ఎర్త్ పనికొచ్చేది సరిగ్గా ఈ ఖాళీలోనే. భూమితో పాటు తిరుగుతూ ఎప్పుడూ ఒకే చోటును చూసే భూస్థిర శాటిలైట్ల ఫొటోలను పది, పదిహేను నిమిషాలకోసారి పెడుతుంది, ప్లే నొక్కితే పొద్దుటి నుంచి సాయంత్రం దాకా సినిమాలా నడుస్తుంది. చేతికి సుఖంగా, ఫోన్‌లో చక్కగా ఉంటుంది. కానీ 36 వేల కిలోమీటర్ల ఎత్తు నుంచి తీసినవి కదా, నల్లమలలో లేచిన సన్నపు పొగ అందులో ఆనదు, పెద్ద మబ్బులు, దుమ్ము తుఫాన్లు, పంజాబ్ పొగ లాంటివే తెలుస్తాయి. మూడున్నర ఇస్తా. మన ఇన్‌శాట్-3డీఆర్, 2024 ఫిబ్రవరిలో ఎగరేసిన ఇన్‌శాట్-3డీఎస్ ఫొటోలు ఇస్రో వాళ్ల మోస్‌డాక్ సైట్‌లో దొరుకుతాయి, చూసేవాళ్లకు అంత హంగు ఉండదు గానీ ఉంది.

విండీ సంగతి వేరు. అందులో పీఎం 2.5 (గాలిలోని అతి సన్నటి ధూళి కణాలు) లేయర్ రంగులు చూసి చాలామంది అది శాటిలైట్ ఫొటో అనుకుంటారు, కాదు. యూరప్ వాళ్ల కామ్స్ అనే మోడల్ లెక్కకట్టిన అంచనా అది, దాని ఒక్కో గడి 40 కిలోమీటర్ల లెక్కలో ఉంటుంది. అంటే అచ్చంపేట, మన్ననూరు, అమ్రాబాద్ మూడూ ఒకటి రెండు గడుల్లో పడిపోతాయి. ఒక కొండ అవతలి మంట దానికి కనపడదు. దానికి మూడు. కానీ విండీని గాలి కోసం వాడితే మాత్రం బంగారం. కుడి పక్క ఎత్తు మార్చే బార్ ఉంటుంది, నేల దగ్గర గాలి ఒక దిక్కు, 1500 మీటర్ల ఎత్తున ఇంకో దిక్కు ఉండటం మామూలే. సన్నపు మంట పొగ నేల గాలి మాట వింటుంది, పెద్ద మంట పొగ పై గాలి వెంట పోతుంది. ఫర్మ్స్‌లో మంట ఎక్కడుందో చూసుకుని, విండీలో గంటకు పది కిలోమీటర్ల గాలి మన వైపు ఉందనుకోండి, మధ్యాహ్నం ఒకటిన్నరకు లేచిన పొగ సాయంత్రం అయిదున్నరకల్లా నలభై కిలోమీటర్లు వస్తుంది. ఈ మాత్రం లెక్కకు కాగితం కూడా అక్కర్లేదు. ఇంకా పిచ్చి ముదిరినవాళ్లకు అమెరికా నోవా సంస్థ వాళ్ల హైస్‌ప్లిట్ ఉంది, మన ఊరి మీదున్న గాలి నిన్న ఎక్కడుందో వెనక్కి గీత గీసి చూపిస్తుంది, ఫ్రీయే, కానీ ఫారం నింపడానికి ఓపిక కావాలి.

వీటన్నిటికీ ఉన్న ఒకే పెద్ద లోపం ఎత్తు. ఫొటోలో మన ఊరి మీద పొగ కనిపించిందీ అంటే అది నెత్తి మీద మూడు కిలోమీటర్ల పైన పోతూ ఉండొచ్చు, సూర్యుడు ఎర్రగా కనిపిస్తాడు తప్ప ముక్కుకు వాసన కూడా రాదు. ఫొటోలో శుభ్రంగా ఉన్న రోజు ఇంటి చూరు కింద నిలబడి ఉండొచ్చు. లేజర్ కాంతి కిందికి కొట్టి పొగ ఎత్తు కొలిచే కాలిప్సో అనే శాటిలైట్ 2006 నుంచి 2023 దాకా పనిచేసింది, 2024 మేలో ఎర్త్‌కేర్ అని ఇంకోటి పైకి పోయింది, కానీ అవి సన్నటి గీత వెంట మాత్రమే కొలుస్తాయి, రోజూ మన ఊరి మీదుగా పోవు. కాబట్టి చివరికి ముక్కును, దూరంగా ఉన్న గుట్టను నమ్మాల్సిందే. మా మేడ మీద నుంచి రోజూ కనిపించే గుట్ట కనపడకపోతే ఆ రోజు నాన్న వాకింగ్ బంద్, శాటిలైట్ ఏం చెప్పినా సరే.

మనవాళ్ల సేవల సంగతి కూడా చెప్పాలి. డెహ్రాడూన్‌లోని ఫారెస్ట్ సర్వే ఆఫ్ ఇండియా ఇవే శాటిలైట్ల చుక్కలను అడవి బీట్ల (ఒక్కో గార్డు చూసుకునే అడవి ముక్కల) వారీగా విడగొట్టి ఫారెస్టు సిబ్బందికి ఎస్సెమ్మెస్ పంపిస్తుంది, నంబర్ రిజిస్టర్ చేసుకుంటే మనలాంటి వాళ్లకు కూడా వస్తాయి. వన్ అగ్ని అని వాళ్ల పోర్టల్. నాకు నచ్చేది ఏంటంటే చుక్క ఏ రేంజ్‌లో, ఏ బీట్‌లో ఉందో పేరుతో సహా వస్తుంది, ఫర్మ్స్‌లో అయితే అక్షాంశం, రేఖాంశం చూసి మనమే వెతుక్కోవాలి. ఇస్రో వాళ్ల మ్యాపుల సైట్ భువన్ కూడా ఉంది. అన్నట్టు ఇన్ని శాటిలైట్ల డేటా దిగే యాంటెన్నాలు ఉన్నది ఎక్కడో కాదు, మొన్నమొన్నటిదాకా మన పాలమూరు జిల్లాలోనే ఉన్న షాద్‌నగర్‌లో. పక్కనే దిగుతున్న డేటాను నేను అమెరికా వెబ్‌సైట్‌లో, ఇంగ్లీషులో చూస్తున్నా. ఈ నాసా మ్యాపులు తెలుగులో లేవు, ఇది కూడా నాకు గట్టిగా అనిపించే వెలితి. చెంచు పెంటల్లో (గూడేల్లో) ఉండేవాళ్లు, బేస్ క్యాంపుల్లో ఫైర్ వాచర్లు, వీపున బ్లోయర్ మోసుకుని ఆకులు ఊడ్చి ఫైర్ లైన్లు (మంట దాటకుండా ఖాళీ చేసిన దారులు) చేసేవాళ్లు, ఈ మ్యాప్ అసలు అవసరం వాళ్లకే.

కాలిపోయాక ఎంత మేర పోయిందో చూడాలనుకుంటే యూరప్ వాళ్ల కోపర్నికస్ బ్రౌజర్ అనే సైట్‌కి పోండి. అందులో సెంటినెల్-2 శాటిలైట్ ఫొటోలో ఒక్కో గడి పది మీటర్లు, అయిదు రోజులకోసారి వస్తుంది. రోజూ పొగ చూడటానికి పనికిరాదు. కానీ కాలిన మచ్చ రోడ్డు దగ్గర మొదలై కొండ వాలు వెంట ఎక్కి, ఫైర్ లైన్ దగ్గరికి రాగానే కత్తితో కోసినట్టు ఆగిపోవడం అందులో చూశాక ఆ ఆకులు ఊడ్చే పని మీద నాకు గౌరవం పెరిగింది.

ఫోన్‌లో చూసేవాళ్లకు ఒక మాట, వరల్డ్‌వ్యూ ఫొటోలు బరువు, డేటా బాగానే తాగుతుంది, లేయర్లు రెండు మూడు కంటే ఎక్కువ వేస్తే నా పాత ఫోన్ వేడెక్కుతుంది, వీలైతే ల్యాప్‌టాప్ మీద చూడండి. వానాకాలం మొత్తం మబ్బులే కాబట్టి జూన్ నుంచి సెప్టెంబర్ దాకా తెరవడం దండగ. ఫిబ్రవరి రాకముందే ఫర్మ్స్‌లో ఈమెయిల్ అలర్ట్ పెట్టుకోండి, దేశం మొత్తం ఎంచుకోవద్దు, మ్యాప్ మీద మీ అడవి వరకు చదరం గీసుకోండి, లేదంటే రోజుకు వేల చుక్కలతో మెయిల్ వస్తుంది. మొదటి మెయిల్ స్పామ్‌లో పడే అవకాశం ఎక్కువ, అక్కడ కూడా చూసుకోండి.